పురిటి షర్బత్

తువ్వాళ్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
అంచులు మడిచి కుట్టే వరసలో
నా ఎడమవైపు మెషిను వాడిది.
పేరు అర్షామ్. పందొమ్మిదేళ్లు.
ఊరు ఖోయ్, సరిహద్దుకి అవతల, ఇరాన్‌లో.
నూలు దుమ్ము రెప్పల మీద పడి
తెల్లారేసరికి ఇద్దరం ముసలివాళ్లమవుతాం,
నేను కాస్త ముందుగా.

వాడి మాట మా టర్కీ మాటకి పినతల్లి కూతురు.
సగం అర్థమవుతుంది. మిగతా సగానికి చేతులున్నాయి.

మొదటి వారం నేనే అడిగాను, అందరూ వినేలా,
"ఇంతకీ నువ్వు ఆడా, మగా?" అని.
వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను.
వాడు దారం తెంపి, సూదిలో మళ్లీ ఎక్కించాడు.
ఆ ఎక్కించడానికి ఎంతసేపు పట్టిందో
నాకు ఇప్పటికీ లెక్క తెలుసు.

మా భాషలో అతనికీ ఆమెకీ ఒకటే మాట: ఓ.
నోరు గుండ్రంగా తెరిస్తే చాలు.
అంత విశాలమైన మాట ఇంట్లో పెట్టుకుని
ఎంత ఇరుగ్గా బతుకుతున్నామో!

బుధవారం బుధవారం
వలస కార్యాలయంలో సంతకం పెట్టాలి.
దెనిజ్లీ దాటకూడదు.
ఇజ్మీర్ సముద్రం బస్సులో ఒక పూట ప్రయాణం,
వాడికి అది చంద్రమండలం.
కూలి మాకొచ్చేదాంట్లో సగం.
కాగితం మీద పాత పేరు.
గుమాస్తా దాన్ని గట్టిగా రెండుసార్లు పిలుస్తాడట,
మొదటిసారికే లేచి నిలబడినా.

గదిలో నలుగురుండేవాళ్లు.
మహ్‌సూ అనే అమ్మాయికి కెనడా నుంచి పిలుపొచ్చింది.
ఆమె పరుపు మీద ఎవరూ పడుకోరు.
పిలుపు అంటుకుంటుందేమోనని చేత్తో తాకి
పనికొస్తారు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, టీ వేళ,
ఫోను నా ముందు పెట్టాడు.
వాళ్లింటి ముందుగది. పళ్లెంలో హల్వా.
నల్ల రిబ్బను కట్టిన పటంలో
పదేళ్ల జడల పిల్ల.
"నాకు దినం పెట్టారు," అన్నాడు.
"నలభయ్యో రోజు కూడా అయిపోయిందట.
అక్క పంపింది.
అమ్మ హల్వా మాడ్చేసిందని రాసింది."
పొద్దుతిరుగుడు గింజ ఒకటి పంటి కింద చిట్లించి
పొట్టు జేబులో వేసుకున్నాడు.

ఏడిస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు.
ముగ్గుర్ని కన్నదాన్ని.
వాడు ఏడవలేదు.

పొద్దున ఇంటికి పోలేదు.
పాతబజారులో మసాలా కొట్టు తెరిచేదాకా నిలబడి
పురిటి షర్బత్ కాచే ఎర్ర చక్కెర గడ్డ అడిగాను.
"ఎవరికి కాన్పు?" అన్నాడు కొట్టాయన.
"మావాళ్లకే."
"ఆడపిల్లా, మగపిల్లాడా?"
నా నోట్లోంచి వచ్చిన ప్రశ్నే,
తిరిగి తిరిగి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.
"మగపిల్లాడు," అన్నాను. "పందొమ్మిదేళ్లు."
తూచడం ఆపి నా మొహం చూశాడు.
ఏమీ అడగలేదు.
లవంగాలు మాత్రం రెండెక్కువ వేశాడు.

ఆ రాత్రి ఫ్లాస్కులో పట్టుకెళ్లాను.
బిడ్డ పుడితే మేం తాగేది ఇదని చెప్పాను.
పెద్దవాళ్లెవరో బిడ్డ చెవిలో
మూడుసార్లు పేరు చెప్పాలి.
నేను ఇమామును కాను. వజూ చేసుకోలేదు.
చేతులకు మెషిను నూనె.
మొదటిసారి చెప్పింది ఆ రొదలో నాకే వినపడలేదు.
రెండోసారి వాడు తల కొంచెం వంచాడు.
మూడోసారికి పక్క మెషిన్లు రెండు ఆగాయి,
ఎందుకో నేను చూడలేదు.

"తీపి ఎక్కువైంది, హనీఫే అబ్లా,"
అన్నాడు, పెదాలు ఎర్రగా.
రెండో గ్లాసుకి చెయ్యి చాపాడు.

రేపు బుధవారం.
నేనూ వెళ్లి వాడి పక్క కుర్చీలో కూచుంటాను.
గుమాస్తా ఆ పాత పేరు పిలిచినప్పుడు
ఇద్దరం లేస్తాం.
ఎవర్ని చూడాలో
ఆయనే తేల్చుకుంటాడు.